ఎర్ర బటన్ మీద పసుపు

ఈ మధ్య మా మనవరాలు బడి నుంచి రాగానే గోడతో మాట్లాడుతోంది. "గుడ్ మార్నింగ్ టీచర్, గుడ్ మార్నింగ్ ఫ్రెండ్స్" అని మొదలుపెడుతుంది. నాలుగు మాటలు చెప్పేసరికి తడబడి నాలుక కరుచుకుని మళ్లీ మొదటికొస్తుంది. గోడకు చెవులుంటాయంటారు గదా, మా గోడకు ఈపాటికి ఆ పాఠం కంఠతా వచ్చి ఉంటుంది. తొమ్మిదో తరగతి పిల్ల. ఏడాది చివర ఏదో ఒక ప్రాజెక్టు చేసి, క్లాసు ముందు నిలబడి ఐదు నిమిషాలు దాని గురించి చెప్పాలట. ఫోనులో ఒక ఆప్ ఉందట. ఎవరి గొంతైనా కాస్త వినిపిస్తే చాలు, ఆ గొంతుతో మనం రాసిన మాటలన్నీ పలుకుతుందట. అదే దాని ప్రాజెక్టు.

ముందు వాళ్ల నాన్న గొంతు తీసుకుని "చదివింది చాలు, పోయి ఆడుకో" అనిపించింది. ఇంటిల్లిపాదీ నవ్వాం. తర్వాత మెల్లగా నా పక్కన చేరింది. బతికున్నోళ్ల గొంతయితే క్లాసులో ఎవరూ గమ్మున కూర్చోరట, వింతగా ఉండాలట. "నీ పెట్టెల గా దుబాయ్ తాత క్యాసెట్ ఉన్నదట గదా బాపమ్మా. జర ఇయ్యవా?" అంది.

నేను వంటింట్లోకి వెళ్లి పప్పులో పోపు పెట్టాను. పసుపు డబ్బా మూత తీస్తే వాసన వచ్చింది. ప్యాకెట్ పసుపుకు వాసనేముంటుంది, నా మొహం. అయినా ఆ పూట వచ్చింది. ఆ వాసన వెంట మా పాత ఇల్లూ, మా నాయనను కన్న మా బాపమ్మా, ఒక మార్చి నెలలో నేను క్లాసు ముందు నిలబడి చెప్పిన ఐదు నిమిషాల ప్రాజెక్టూ వచ్చాయి. అది తలుచుకుంటే ఇప్పటికీ చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడతాయి.

మా చిన్నప్పుడు చలి తగ్గుముఖం పట్టిందంటే ఆర్మూరంతా పసుపే. చుట్టుపక్కల చేలల్లో పెద్ద పెద్ద ఇనుప కడాయిల్లో పసుపు ఉడకబెట్టేవారు. తెల్లవారుజామున ఆ ఆవిరి మంచులో కలిసి ఊరి మీదికి పాకేది. పచ్చి అల్లం, తడిమట్టి, పొగ కలిసిన వాసన. ఎండిన పసుపు బండ్ల మీద మార్కెట్టుకు వస్తుంటే దారి పొడుగునా పచ్చటి దుమ్ము. మా ఇంట్లో కళ్లు మూసుకుని కూడా ఎవరు ఎవరో చెప్పొచ్చు. నాయన మార్కెట్‌లో రైతుల పసుపు అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో పనిచేసేవాడు, చెమటలో కూడా పసుపే వాసన. అమ్మ బీడీలు చుట్టేది, దగ్గరికి వెళితే తునికాకు, తంబాకు. బాపమ్మ మధ్యాహ్నందాకా పసుపు కొమ్ములు, గుండ్రటి మండలు వేరుచేసే పనికి కూర్చునేది. ఆమె వేళ్లు ఏ సబ్బుకూ లొంగేవి కావు. ఆమె అన్నం కలిపి ముద్ద పెడితే ఉత్తి పెరుగన్నం కూడా పులిహోర రంగులో ఉండేది.

పసుపులో సున్నం కలిపితే నెత్తుటి రంగు వస్తుందని మాకు పుట్టగానే తెలుసు. దాన్ని మోకాళ్లకు పూసుకుని, గుట్ట మీద రాళ్ల మధ్య పడిపోయామని కుంటుకుంటూ ఇంటికి వచ్చేవాళ్లం. అమ్మ గుండె బాదుకునేది. బాపమ్మ మాత్రం వాసన చూసి వీపు మీద ఒక్కటిచ్చి, దెబ్బ తగిలినందుకు ఓదార్పుగా వేడి బియ్యప్పిండి సర్వప్ప ముక్క చేతిలో పెట్టేది.

బాపమ్మకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు మా నాయన. చిన్నవాడు మా కాక. మా దిక్కు ఇంటికొకరు గల్ఫ్ పోయినట్టే కాక కూడా దుబాయ్ పోయాడు. మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు ఒక టేప్ రికార్డర్ తెచ్చాడు. ఉత్తరం చదవరాని అవ్వకు ఉత్తరమెందుకని క్యాసెట్లలో మాట్లాడి పంపిస్తానన్నాడు. బాపమ్మను పక్కన కూర్చోబెట్టుకుని బటన్లు నేర్పాడు. "నా మాట వినాల్నంటే గీ నల్లది నొక్కు. నీ మాట నాకు చెప్పాల్నంటే గీ ఎర్రదాన్ని గూడ కలిపి నొక్కు" అన్నాడు. నాలుగైదుసార్లు నొక్కించి చూపించాడు. బాపమ్మకు అది మంత్రంలా పట్టుబడింది. క్యాసెట్లు మార్చే పని నాయనది. కాక క్యాసెట్ తీసి, ఖాళీది పెట్టి, "ఇగ చెప్పవే అవ్వా" అంటే ఆమె ఎర్రది కలిపి నొక్కి చెప్పేది.

ఆ క్యాసెట్లలో ఒక పద్ధతి ఉండేది. ఒక్క మా కాకే కాదు, మోర్తాడ్, వేల్పూర్ దిక్కు నుంచి పోయినవాళ్లు చాలామంది అట్లాగే మాట్లాడేవారు. ఏదైనా అడిగి, జవాబు కోసం ఆగేవారు. ఎదురుగా మనిషి ఉన్నట్టే. "అవ్వా, మంచిగున్నవా?" అంటాడు కాక. తర్వాత మాట ఉండదు. ఆ రూములో ఫ్యాను తిరిగే చప్పుడు, ఎవరో దగ్గిన చప్పుడు, ఎవరో ఉల్లిగడ్డ కోస్తున్న చప్పుడు వినిపిస్తాయి. ఆ ఖాళీలో బాపమ్మ "మంచిగున్న బిడ్డా" అంటుంది. వెంటనే కాక "ఆఁ, మంచిది" అంటాడు. విన్నాడా అన్నట్టు సరిగ్గా అప్పుడే అంటాడు. వాడకట్టోళ్లంతా మా అరుగు మీద కూర్చుని ఆ మాటలు వినేవారు, ఖాళీ రాగానే ఎవరికి తోచిన జవాబు వాళ్లు చెప్పేవారు. మేమయితే "ఏం తిన్నవే అవ్వా?" అని కాక అడగ్గానే "మన్ను!" అని అరిచి పారిపోయేవాళ్లం.

పాత క్యాసెట్లు మళ్లీ వాడుకోమని కాకకే పంపేసేవాళ్లం, మా దగ్గర మిగిలిన ఆ చివరి క్యాసెట్ నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "అవ్వా, మంచిగున్నవా?" అని మొదలవుతుంది. ఆగి, "ఆఁ, మంచిది. కాళ్లనొప్పులు తగ్గినయా?" అంటాడు. ఆగి, "దవాఖానకు పో, మొండికెయ్యకు. ఏం తిన్నవే ఇయ్యాల?" అంటాడు. ఆగి, "మాకీడ అన్ని దొరుకుతయ్, మార్కెట్టు రూముకు దగ్గర్నే. నా ఫికర్ చెయ్యకు. పసుపు ఉడికిచ్చే యాళ్లకు వస్త. వస్తె ఏం చేసి పెడ్తవ్?" అంటాడు. ఆ తర్వాత ఫ్యాను చప్పుడు, క్యాసెట్ అయిపోయేదాకా.

పసుపు ఉడికించే వేళ వచ్చింది, పోయింది. మళ్లీ వచ్చింది. కాక రాలేదు, ఇంకో క్యాసెట్ కూడా రాలేదు. సెలవు మీద వచ్చినవాళ్లను నాయన పోయి అడిగేవాడు. మోర్తాడ్ ఆయన ఒకడు కంపెనీ మారిండన్నాడు. మాక్లూర్ ఆయన ఇంకొకడు ఎడారిలో ఒంటెల దగ్గర చూసినట్టే ఉందన్నాడు. మూడో ఆయన ఏమీ అనకుండా నాయన భుజం మీద చెయ్యి వేసి చాయ్ తాగించి పంపాడు. ఆ చాయ్ సంగతి నాయన అమ్మకు చెబుతుంటే నేను దుప్పట్లో నిద్ర నటిస్తూ విన్నాను. బాపమ్మకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

మెల్లమెల్లగా వాడకట్టోళ్లు రావడం మానేశారు. నిజం చెప్పాలంటే మేమూ ఆ క్యాసెట్ వినడం మానేశాం. వింటే నాయన మొహం చూడలేకపోయేవాళ్లం. బాపమ్మ ఒక్కతే, మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేని వేళ పెట్టుకునేది. మేము బడి నుంచి వచ్చేసరికి టేప్ రికార్డర్ మీద శుభ్రమైన గుడ్డ కప్పి ఉండేది, పురుగు పట్టకుండా క్యాసెట్ పెట్టెలో ఒక పసుపు కొమ్ము ఉండేది. నల్ల బటన్ పచ్చబడింది. దాని పక్కన ఎర్ర బటన్ ఇంకా ఎక్కువ పచ్చబడింది. అది నేను రోజూ చూసేదాన్ని. ఎందుకు అని ఒక్కసారి కూడా అనుకోలేదు, పిల్లలం కదా.

ఇంకొకటి కూడా ఉండేది. సాయంత్రం దీపాలు పెట్టాక బాపమ్మ తలుపు దగ్గరికి వేసేది గానీ గొళ్లెం పెట్టనిచ్చేది కాదు. అమ్మ గొణుక్కునేది, కుక్కలు దూరుతున్నాయని. ఇంటి మనిషి వస్తే తలుపు తట్టుడేంది అనేది బాపమ్మ.

నేను పదో తరగతిలో ఉండగా మా బడికి వేరే ఊరి నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. ప్రాజెక్టు అనే మాట మేము మొదట విన్నది ఆమె నోటనే. ప్రతి ఒక్కరూ ఇంటి నుంచి ఒక వస్తువు తేవాలి, దాని కథ క్లాసులో ఐదు నిమిషాలు చెప్పాలి, బడి వదిలిపోయే ముందు అదే మీ ఆఖరి పని అంది. ఒక పిల్ల డాల్డా డబ్బాతో పసుపు మెరుగు పెట్టే డ్రమ్ము చేసింది. ఇంకో పిల్ల వాళ్లమ్మ బీడీల చాట తెచ్చి, మాట్లాడుతూనే ఒక బీడీ చుట్టేసింది. నాకు నలుగురిలో నోరు తెరవాలంటే చెమటలు పట్టేవి. ఇంట్లో మాత్రం నా నోటికి అడ్డూ అదుపూ లేదనుకోండి. అప్పుడే ఆ ఉపాయం తట్టింది. క్యాసెట్ తీసుకుపోతే అదే మాట్లాడుతుంది, నేను బటన్ నొక్కి నిలబడితే చాలు.

బాపమ్మను అడిగితే ఒప్పుకోదనుకున్నాను. ఆమె మొహం వెలిగిపోయింది. నలుగురు విననీ అంది. కానీ క్యాసెట్ తను లేకుండా గడప దాటదంది. అట్లా ఆ రోజు నా ప్రాజెక్టు వెంట మా బాపమ్మ కూడా బడికి వచ్చింది. పెట్టెలోంచి తీసిన గళ్ల చీర కట్టుకుంది, నెత్తికి నూనె పెట్టుకుంది, చెప్పులు క్లాసు బయటే విడిచింది. టీచరమ్మ కుర్చీ చూపిస్తే వద్దని వెనక బెంచీ మీద, కిటికీ పక్కన కూర్చుంది. పిల్లలు మూతులు మూసుకుని నవ్వుకున్నారు. నాకు తల తీసేసినట్టయింది.

బల్ల మీద టేప్ రికార్డర్ పెట్టాను. మా కాక దుబాయ్‌లో ఉంటాడు, ఇది ఆయన పంపిన మాట అని రెండు ముక్కలు గబగబా చెప్పి నల్ల బటన్ నొక్కాను. ఫ్యాను చప్పుడు వచ్చింది. ఆ తర్వాత కాక గొంతు.

"అవ్వా, మంచి—"

టక్కుమని ఏదో తెగింది. ఆ తెగినచోట కాక గొంతు కాదు, మా బాపమ్మ గొంతు వచ్చింది. "మంచిగనే ఉన్న బిడ్డా. రాత్రంత దగ్గే. కన్ను మూతపడలే."

టక్. "ఆఁ, మంచిది" అన్నాడు కాక, నవ్వుతూ.

ముందు వరసలో ఒక పిల్ల కిసుక్కుమంది. నాకు నవ్వు రాలేదు. బాపమ్మకు దగ్గు వచ్చింది మొన్న రాత్రి. కాక ఆ మాట అన్నది కొన్నేళ్ల కింద. నేను తప్పు క్యాసెట్ తెచ్చానా అని చూశాను. అదే క్యాసెట్, అదే పెట్టె. టేప్ తిరుగుతూనే ఉంది.

"కాళ్ల—" అన్నాడు కాక. టక్. "నా కాళ్లకేంగాలే. రేపు నీ అన్న బిడ్డ బడికి తీస్కపోతదట, నీ మాట అందరు వింటరట" అంది టేపులోని బాపమ్మ. అదే క్షణంలో వెనక బెంచీ నుంచి అసలు బాపమ్మ గొంతు లేచింది. "వచ్చినం బిడ్డా. ఇగో, అందరు వింటున్నరు."

పిల్లలంతా ఒక్కసారి వెనక్కి తిరిగారు. మళ్లీ టేప్ రికార్డర్ వైపు తిరిగారు. రెండు దిక్కుల నుంచి ఒకే గొంతు మాట్లాడుతోంది, ఒకటి నిన్నటిది, ఒకటి ఇప్పటిది. మార్చి ఎండ కిటికీలోంచి సూటిగా పడుతోంది. అయినా నాకు వీపు మీద చల్లటి నీళ్లు పోసినట్టయింది.

"ఎందాక వచ్చినవ్ బిడ్డా?" అని అడిగింది టేపులోని బాపమ్మ.

టక్. "దగ్గర్నే" అన్నాడు కాక.

ఆ మాట ఎక్కడిదో నాకు తెలుసు. మార్కెట్టు రూముకు దగ్గర్నే అన్న మాటలో అది తోక. దవాఖాన సంగతి, ఏం తిన్నావన్నది, అన్నీ దొరుకుతాయన్నది, అన్నీ పోయి ఆ ఒక్క ముక్క మిగిలింది. తెలిసినా ఏం లాభం, నేను తలుపు వైపు చూశాను. "తలుపు తీసే పెట్టిన బిడ్డా" అంది టేపులో బాపమ్మ. "వస్త" అన్నాడు కాక. అంతే, ఫ్యాను చప్పుడు.

అప్పుడు బాపమ్మ లేచింది. బెంచీల మధ్య నుంచి మెల్లగా నడుచుకుంటూ బల్ల దగ్గరికి వచ్చింది. పిల్లలు కాళ్లు పక్కకు లాక్కున్నారు. రోజూ చేసే పనే అన్నట్టు టేప్ ఆపింది. పచ్చటి వేలు ఎర్ర బటన్ మీద, ఇంకో వేలు నల్ల బటన్ మీద పెట్టి రెండూ కలిపి నొక్కింది. వంగి, "జల్ది రా బిడ్డా" అంది. బటన్ ఆపి, కొంగుతో టేప్ రికార్డర్ తుడిచింది.

నాకు అప్పుడు అర్థమయింది. నాయన ఖాళీ క్యాసెట్ పెట్టడం మానేశాడు. ఎర్రది నొక్కితే నీ మాట నాకు చేరుతుందన్న కొడుకు మాట మాత్రం ఆమె మానలేదు. రోజూ మధ్యాహ్నం అతని క్యాసెట్‌లోనే, అతను ఆగినచోటల్లా, తన జవాబు చెబుతూ వచ్చింది. రోజూ కాస్త ముందుగా నొక్కేది, కాస్త ఆలస్యంగా వదిలేది. రోజూ కొడుకు మాట కొనల్లో కొంచెం కొంచెం చెరిగిపోయేది. ఎలుక రొట్టె కొరికినట్టు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. టీచరమ్మ వచ్చి బాపమ్మ రెండు చేతులూ పట్టుకుంది. టీచరమ్మ అరచేతులకు పసుపు అంటుకుంది. నాకు ఎన్ని మార్కులు వేసిందో నేను అడగలేదు.

ఇంటికి వెళ్లే తోవలో టేప్ రికార్డర్ నేను మోస్తున్నాను, క్యాసెట్ బాపమ్మ రొండిన దోపుకుంది. మార్కెట్ దాటాక చెప్పేశాను, ఎర్రది నొక్కితే కాక మాట చెరిగిపోతుందని, ఇప్పటికే చాలావరకు పోయిందని. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఆగను కూడా ఆగలేదు.

"నాకు తెల్వదానె? రోజు వినేదాన్ని నేను" అంది. నాలుగు అడుగులు నడిచాక మళ్లీ అంది. "దూరమున్నోడే గిన్ని మాటలు పంపుతడు బిడ్డా. వచ్చేటోనికి మాటలు తక్కువైతయ్. మొదట్ల ఎన్ని చెప్పెటోడు, ఇప్పుడు నాలుగే చెప్తున్నడు. గవ్వి గూడ అయిపోయిన నాడు వాకిట్ల ఉంటడు."

ఆమె ఎంత మామూలుగా అందంటే, పొద్దు గూకుతుందన్నంత మామూలుగా అంది. నేను ఆమె మొహంలోకి చూడలేకపోయాను. తోవలో ఆరబోసిన పసుపు మీద మా ఇద్దరి నీడలు పడ్డాయి. ఇంకెవరిదైనా నీడ ఉందా అని నేను వెనక్కి తిరిగి చూశాను. పదో తరగతి పిల్లను, పట్టపగలు, నడిబజారులో. నవ్వితే నవ్వండి.

నేను అమ్మకు చెప్పాను, అమ్మ నాయనకు చెప్పింది. నాయన ఆ సాయంత్రమే క్యాసెట్ పెట్టుకుని విన్నాడు. నాలుగు ముక్కలు. మళ్లీ మొదటికి తిప్పి విన్నాడు. మా నాయన ఏడవడం నేను అదే మొదలు చూడటం. నా తమ్మునిది ఫోటో కూడా సక్కగ లేదు, గీ గొంతొక్కటే ఉన్నది, గది గూడ పోతే వాడు ఈ భూమ్మీద ఉన్నడనేటందుకు ఏముంటది అన్నాడు. మర్నాడు పొద్దున్నే బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే సాయిబు తాత దగ్గరికి క్యాసెట్ తీసుకుని పోయాడు. నేనూ వెంట పోయాను. తాత క్యాసెట్ వీపున ఉన్న చిన్న ప్లాస్టిక్ రేకులు చూపించాడు. ఇవి విరిచేస్తే అక్కడ గుంట పడుతుంది, ఇక ఎర్ర బటన్ కిందికి దిగదు, ఎవరేం చేసినా మాట చెరగదు అన్నాడు. పట్టకారుతో విరిచేశాడు. చిటుక్కుమంది. పెద్ద చప్పుడేమీ కాదు.

ఆ రోజు బడికి సెలవు. మధ్యాహ్నం నేను ఇంట్లోనే, బొంతల చాటున ఉన్నాను. బాపమ్మ పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, టేప్ రికార్డర్ ముందు కూర్చుంది. కాక "అవ్వా" అన్నాడు. ఆమె ఎర్రది నొక్కింది. దిగలేదు. గట్టిగా నొక్కింది. చీర కొంగుతో వేలు తుడుచుకుని మళ్లీ నొక్కింది. టేప్ రికార్డర్ మీద చెవి ఆనించి చాలాసేపు అట్లాగే ఉండిపోయింది. లోపల ఎవరైనా తలుపు వేసుకున్నారా అని వింటున్నట్టు.

నాయన పని నుంచి వచ్చి చేతులు కడుక్కుంటుంటే ఆమె దగ్గరికి వెళ్లింది. తిట్టలేదు, గొంతు పెంచలేదు.

"వాణ్ని తొవ్వల ఆపినవ్ గదరా" అంది.

నాయన చేతిలో చెంబు అట్లాగే ఉండిపోయింది. ఆ పూట మక్క గట్క, పచ్చిపులుసు. ఎవరమూ సరిగ్గా తినలేదు. దీపాలు పెట్టాక బాపమ్మ తలుపు దగ్గరికి వెళ్లింది. మా కళ్ల ముందే తన చేత్తో గొళ్లెం పెట్టింది. ఆ తర్వాత ఆమె బతికున్నన్నాళ్లూ ఆ క్యాసెట్ ముట్టలేదు. గొళ్లెం మాత్రం రోజూ ఆమే పెట్టేది.

నాయన చేసింది తప్పని నేను ఏ రోజూ అనుకోలేదు. బాపమ్మ అన్నది తప్పని కూడా అనుకోలేకపోయాను. ఒకరికి తమ్ముడి గొంతు కావాలి, ఒకరికి కొడుకు కావాలి. ఉన్నది ఒక్క క్యాసెట్. బాపమ్మ పోయాక నాయన దాన్ని దాచాడు, నాయన పోయాక నా పెట్టెలోకి వచ్చింది. కాక సంగతి ఎవరికీ, ఎప్పటికీ తెలియలేదు. చచ్చాడని చెప్పిన మనిషి లేడు, బతికున్నాడని చెప్పిన మనిషి లేడు.

ఇదంతా మనవరాలికి చెప్పకుండానే పెట్టె తెరిచి క్యాసెట్ ఇచ్చాను. పాత టేప్ రికార్డర్‌కు మా కొడుకు బెల్టు మార్పించుకొచ్చాడు. నాలుగు ముక్కలూ పలికాయి. పిల్ల వాటిని ఫోనులోకి ఎక్కించుకుని, తాత పూర్తిగా ఏం చెప్పేవాడు బాపమ్మా అని అడిగింది. నాకు కంఠతా వచ్చినదంతా చెప్పాను. గబగబా ఫోనులో రాసుకుంది.

నిన్న దాని క్లాసు. ఇంటి పెద్దవాళ్లు రావచ్చన్నారని నేనూ వెళ్లాను. వెనక బెంచీ మీద, కిటికీ పక్కన కూర్చున్నాక గానీ నేనెక్కడ కూర్చున్నానో నాకు తట్టలేదు. పిల్ల తడబడకుండా చెప్పింది, గోడ దగ్గర పడ్డ కష్టం ఊరికే పోలేదు. చివరికి స్పీకర్ పెట్టింది.

కాక మాట్లాడాడు. చెరిగిపోయిన మాటలన్నీ తిరిగి వచ్చాయి. అవ్వా మంచిగున్నవా, కాళ్లనొప్పులు తగ్గినయా, దవాఖానకు పో, ఏం తిన్నవే, నా ఫికర్ చెయ్యకు. అదే గొంతు, అదే జీర. మంచిగున్నా అనబోయి నోరు తెరిచాను. అప్పటికే అది కాళ్లనొప్పుల దగ్గరికి వెళ్లిపోయింది. మళ్లీ తెరిచాను, మళ్లీ దాటిపోయింది. ఎక్కడా ఆగలేదు. గడగడా చెప్పుకుపోయి, ఏం చేసి పెడ్తవ్ అని అడిగి, ఆ వెంటనే థాంక్యూ అని పిల్ల గొంతు వచ్చింది. క్లాసంతా చప్పట్లు కొట్టింది. నేను తెరిచిన నోటితో అట్లాగే కూర్చున్నాను.

ఇంటికి వచ్చాక పిల్ల నా మొహం చూసి, నచ్చలేదా బాపమ్మా అంది. "గొంతు కాకదే బిడ్డా. కానీ కాక ఆగెటోడు" అన్నాను.

"అంతేనా? పెడ్త ఆగు. ఎంతసేపు ఆగమనాలె బాపమ్మా?" అని ఫోను తీసింది.

మా బాపమ్మకే తెలియదు ఎంతసేపో. పొద్దున చూద్దాంలే అని పంపించేశాను. అది ఆడుకోవడానికి పోయాక, దాని ప్రాజెక్టు సామాన్ల డబ్బాలోంచి సెల్లోటేపు ముక్క ఒకటి చింపి తెచ్చుకున్నాను. క్యాసెట్ వీపున ఆ గుంట మీద అతికించాను. గుంట మూసేస్తే ఎర్ర బటన్ మళ్లీ దిగుతుందని ఆ రోజు సాయిబు తాతే అన్నాడు, నాయన వినిపించుకోలేదు, నేను విన్నాను. కాక గొంతు ఎట్లాగూ పిల్ల ఫోనులో ఉంది. నాయన కాపాడాలనుకున్నది అక్కడ భద్రంగా ఉంది. ఇక మిగిలింది బాపమ్మ కోరింది. కాకకు జవాబు చెప్పగలిగిన మనిషిని ఇప్పుడు నేనొక్కదాన్నే.

నాలుగు ముక్కలూ ఒకసారి విన్నాను. బాపమ్మ దగ్గూ విన్నాను. మొదటికి తిప్పి, ఇంకా పసుపు వదలని ఆ ఎర్ర బటన్‌ను నల్లదానితో కలిపి నొక్కాను. దిగింది. మంచిగనే ఉన్నం కాకా అన్నాను. అందరి సంగతీ చెప్పాను, ఎవరు పోయిందీ, ఎవరు పుట్టిందీ. టేప్ అయిపోయి బటన్ దానంతటదే పైకి లేచేదాకా వేలు తియ్యలేదు. ఇప్పుడు ఆ క్యాసెట్‌లో కాక మాట ఒక్కటి కూడా లేదు.

దీపాలు పెట్టే వేళకు మా కోడలు వాకిలి ఊడ్చి లోపలికి వచ్చింది. తలుపు వేసి గొళ్లెం మీద చెయ్యి పెట్టింది. ఉండనీ అన్నాను.

"ఎవరన్న వచ్చేటోళ్లున్నరా అత్తమ్మా?" అంది.

ఉన్నారన్నాను.